సీలు కూర్చునే గాడి: పాత మియాటా కారుకు పెద్ద బ్రేకులు వేస్తున్న డైరీ

మొదటి శనివారం

కిందటి సెప్టెంబరులో న్యూ హాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్ ఎక్కి దిగాం. 6,288 అడుగుల ఆ శిఖరానికి వెళ్లే ఆటో రోడ్డు పొడవు 7.6 మైళ్లు, సగటు వాలు 12 శాతం. ఎక్కడం హాయిగా సాగింది. దిగేటప్పుడు మొదటి గేరులో ఉండాల్సిన వాణ్ణి రెండో గేరులో దిగాను. సగం దారి గడిచేసరికి బ్రేకు పెడలు మామూలు కంటే బాగా లోతుకు దిగడం మొదలైంది, ముందు చక్రాల దగ్గర నుంచి కాలిన వాసన వచ్చింది. బ్రేకులు చల్లార్చుకోవడానికి దారి పక్కన వదిలిన జాగాలో కారు ఆపి, మా అమ్మాయితో కలిసి అరగంట కూర్చున్నాను. ఆ అరగంటలో పుట్టిన పని ఇది.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. నా 1991 మాజ్డా మియాటా బరువు వెయ్యి కిలోలకు కాస్త తక్కువ. మేమిద్దరం, సామాను కలిపితే 1,150 కిలోలనుకోవచ్చు. ఆ బరువును సుమారు 1,400 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దించడమంటే దాదాపు 16 మెగాజౌళ్ల శక్తిని ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టడమే. 47 లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోయే వేడి అది. ఇంకోలా చూస్తే, గంటకు 60 మైళ్ల వేగం నుంచి కారును 38 సార్లు పూర్తిగా ఆపినంత పని. ఇందులో కొంత భాగాన్ని ఇంజనూ గాలీ మోస్తాయి. నేను రెండో గేరులో ఉన్నందువల్ల ఇంజను మోయాల్సిన వాటాలో చాలా భాగం బ్రేకుల మీద పడింది.

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనానికి చూపించిన ఈ కారుకు, 1.6 లీటర్ల ఇంజను ఉన్న 1990–93 మోడళ్లలో ముందు డిస్కు వ్యాసం 235 మి.మీ., వెనక డిస్కుది 231 మి.మీ. 1994లో 1.8 లీటర్ల ఇంజను వచ్చినప్పుడు ముందు 255, వెనక 251 చేశారు. ముందు డిస్కు మందం కూడా 18 నుంచి 20 మి.మీ.కు పెరిగింది. ఆ సామాను పాత కారుకు నేరుగా బిగించుకోవచ్చు, 14 అంగుళాల చక్రాలను మార్చాల్సిన అవసరం కూడా లేదు. 2001 తర్వాత కొన్ని కార్లకు వచ్చిన ఇంకా పెద్ద స్పోర్ట్ బ్రేకుల గురించి కూడా ఆలోచించాను గానీ వాటికి 15 అంగుళాల చక్రాలు కావాలి. ఈ కారు తన మొదటి చక్రాల మీదే ఉండాలన్నది నా పట్టుదల.

ఒక విషయం మొదట్లోనే రాసి పెట్టుకోవాలి. పెద్ద డిస్కు వేసినంత మాత్రాన కారు తక్కువ దూరంలో ఆగిపోదు. చక్రం లాక్ అయ్యేంత బలం పాత బ్రేకులకూ ఉంది, ఆ పైన ఆపేది టైరు పట్టు. పెద్ద డిస్కు వల్ల కలిగే లాభం వేడి విషయంలో ఉంటుంది. ఇనుము ఎక్కువ కాబట్టి అదే పనికి తక్కువ వేడెక్కుతుంది, ఉపరితలం ఎక్కువ కాబట్టి వేడిని గాలికి ఎక్కువగా వదులుతుంది. కొండ దిగేటప్పుడు పదో మలుపులో కూడా పెడలు మొదటి మలుపులో ఉన్నచోటే ఉంటుంది. నాకు కావలసింది సరిగ్గా ఇదే.

ముందు చక్రాలకు మాత్రమే మారిస్తే చాలదా అని ఒక మిత్రుడు అడిగాడు. ముందు డిస్కు 8.5 శాతం పెరుగుతోంది, వెనకది 8.7 శాతం. కారు తయారుచేసిన వాళ్లు రెండు ఇరుసులనూ ఒకే పాళ్లలో పెంచారంటే ముందు వెనకల పంపకం చెడిపోకూడదనే. ముందు మాత్రమే పెంచితే వెనక బ్రేకులు తమ వంతు పని చేయకుండా మిగిలిపోతాయి, ముందు టైర్లు తొందరగా జారుతాయి. అందుకని నాలుగూ మారుస్తున్నాను.

రెండో శనివారం

న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లోని మా ఇంటి నుంచి గంట దూరంలో, మన పనిముట్లతో మనమే విప్పుకునే పాత కార్ల యార్డు ఒకటుంది. 1996 మోడల్ మియాటా వచ్చిందని తెలిసి ఉదయం ఏడింటికల్లా వెళ్లాను. నాలుగు కాలిపర్లు (ఆయిలు ఒత్తిడితో పిస్టన్‌ను నెట్టి, ప్యాడ్లనే రాపిడి పలకలను డిస్కుకు అదిమే భాగాలు), వాటి బ్రాకెట్లతో సహా 140 డాలర్లయింది.

దుకాణంలో రీబిల్ట్ కాలిపర్లు, అంటే బాగుచేసి అమ్మే పాతవి, దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. మూడేళ్ల క్రితం వేరే కారుకు అలాంటిదొకటి కొన్నాను. పైన మెరిసే రంగుంది, లోపల సీలు, అంటే పిస్టన్ చుట్టూ ఆయిలు కారకుండా ఆపే రబ్బరు వలయం, కొత్తది. ఏడాది తిరక్కుండానే ఆ చక్రం పట్టేయడం మొదలైంది. విప్పి చూస్తే సీలు కూర్చునే గాడిలో పాత తుప్పు పొర అలాగే ఉంది. దాని మీదే కొత్త సీలు అమర్చేశారు. అందరూ అలా చేస్తారని నేను అనను. నా చేతితో శుభ్రం చేసిన గాడిని నేను నమ్మగలను, అంతే.

యార్డులో కాలిపర్ ఎంచుకునేటప్పుడు చూసుకోవలసినవి తక్కువే. పిస్టన్‌కు దుమ్ము తగలకుండా కప్పే రబ్బరు తొడుగు, డస్ట్ బూటు, చిరిగిందా లేదా చూడాలి, ఎందుకంటే చిరిగిన చోట నీళ్లు దిగి పిస్టన్‌ను తినేస్తాయి. గాలి తీసే బ్లీడర్ స్క్రూ కాస్తయినా కదులుతుందేమో పానాతో మెల్లగా పరీక్షించాలి. వెనక కాలిపర్ అయితే హ్యాండ్‌బ్రేకు లీవరును చేత్తో తిప్పి, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతోందో లేదో చూడాలి. నాకు దొరికిన వాటిలో ఎడమ ముందు కాలిపర్ బూటు చిరిగి ఉంది, కుడి వెనక బ్లీడర్ కదల్లేదు. న్యూజెర్సీలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు చేసే పని అది. ఆ రెండు లోపాలూ చూసే తీసుకున్నాను, మరో కారు దొరికే వరకూ ఆగే ఓపిక లేకపోయింది.

ఒక జాగ్రత్త: ఎడమది, కుడిది అని విప్పిన చోటే మార్కరుతో రాసుకోవాలి. ముందు కాలిపర్లు చూడ్డానికి కవలల్లా ఉంటాయి. తారుమారుగా బిగించినా సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ అప్పుడు బ్లీడర్ కిందివైపుకు వస్తుంది. గాలి పైకి చేరుతుంది కాబట్టి, బ్లీడర్ కిందుంటే ఎన్నిసార్లు పెడలు తొక్కినా ఆ గాలి బయటికి రాదు.

అదే రోజు సాయంత్రం

పిస్టన్లు బయటికి తీశాను. కంప్రెసర్ గాలితో ఈ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అదే చేశాను, కానీ లెక్క వేసుకున్న తర్వాతే. ముందు పిస్టన్ వ్యాసం సుమారు 51 మి.మీ., అంటే దాని ముఖం 20 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. కంప్రెసర్‌ను మామూలుగా ఉంచే 90 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 90 పౌండ్ల ఒత్తిడి) దగ్గర వదిలితే ఆ పిస్టన్ మీద దాదాపు 130 కిలోల బలం పడుతుంది. వేలు అడ్డం ఉంటే నుజ్జయిపోతుంది. అందుకని రెగ్యులేటరును 25కు తగ్గించి, పిస్టన్‌కు ఎదురుగా చెక్క ముక్క అడ్డం పెట్టి, మీద పాత తువ్వాలు కప్పి, గాలిని కొంచెం కొంచెంగా పంపాను. కుడి ముందుది ఠప్పున చెక్కకు తగిలి ఆగింది.

ఎడమ ముందుది కదల్లేదు. గాలి ఒత్తిడి పెంచడం తెలివైన పని కాదు. గాలి నొక్కుకుని ఉండి ఒక్కసారిగా విడుదలవుతుంది, ద్రవం అలా చేయదు. కాబట్టి ఆ కాలిపర్‌ను నా కారుకే ఉన్న ముందు బ్రేకు గొట్టానికి కలిపి, గాలి తీసి, మా అమ్మాయిని పెడలు మెల్లగా తొక్కమన్నాను. మూడో తొక్కుకు చిన్న కిర్రుమన్న శబ్దంతో పిస్టన్ జరిగింది. ఆ తర్వాత ప్రతి తొక్కుకూ కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. 50 బార్ల ఒత్తిడి దగ్గర ఇదే పిస్టన్ టన్నుకు పైగా బలంతో నెడుతుంది, దాని ముందు తుప్పు ఎంతసేపు నిలుస్తుంది? కింద పళ్లెం పెట్టుకున్నాను. బ్రేకు ఆయిలు కారు రంగును తినేస్తుంది కాబట్టి చిందిన చోటల్లా వెంటనే నీళ్లతో కడగాలి.

వెనక కాలిపర్ల దారి వేరు. వాటిలో హ్యాండ్‌బ్రేకు కోసం లోపల ఒక మర కడ్డీ ఉంటుంది, పిస్టన్ దాని మీద నడుస్తుంది. వెనకవైపు 14 మి.మీ. బోల్టు మూత తీస్తే లోపల 4 మి.మీ. ఆలెన్ కీ పట్టే స్క్రూ కనిపిస్తుంది. పిస్టన్ ముందుకు రావాలన్నా వెనక్కి పోవాలన్నా దాన్నే తిప్పాలి. ఈ సంగతి తెలియక సీ-క్లాంపుతో పిస్టన్‌ను వెనక్కి నొక్కి లోపలి భాగాలను పాడుచేసుకున్న వాళ్లు ఎందరో ఉన్నారు.

ఆదివారం

నాలుగు పిస్టన్లనూ కడిగి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని చూశాను. మూడు బాగున్నాయి. ఎడమ ముందు పిస్టన్ మీద, బూటు చిరిగిన చోటికి సరిగ్గా ఎదురుగా, వేలి మందాన గోధుమ రంగు పట్టీ ఉంది. 2,000 నంబరు ఎమ్రీ పేపరును ఆయిల్‌లో తడిపి మెల్లగా రుద్దితే తుప్పు పోయింది. కింద క్రోమ్ పూత లేచిపోయి, ఆవగింజలో సగం ఉండే గుంటలు ఐదారు బయటపడ్డాయి.

మా బాబాయ్ విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు అంబాసడర్లకు, మెటడార్ వ్యాన్లకు బ్రేకుల పని చేశాడు. ఫోను చేసి వీడియోలో పిస్టన్ చూపించాను.

"గోరుతో అడ్డంగా గీకి చూడరా. గోరు తట్టిందా?"

"తడుతోంది బాబాయ్, ఒక చోట."

"ఇంకేం చూస్తావు? పక్కన పడెయ్. బోరు ఎలా ఉంది? హోనింగ్ చేయించావా?"

బోరంటే పిస్టన్ కదిలే గుండ్రటి రంధ్రం, హోనింగ్ అంటే దాని గోడను రాసి నున్నగా చేయడం. ఇక్కడ మా ఇద్దరి అనుభవాలూ వేర్వేరని అర్థమైంది. బాబాయ్ చేతుల మీదుగా వెళ్లినవన్నీ డ్రమ్ బ్రేకుల వీల్ సిలిండర్లు. వాటిలో రబ్బరు కప్పు పిస్టన్‌తో పాటు కదులుతూ బోరు గోడను రాసుకుంటుంది. అందువల్ల బోరు అద్దంలా ఉండాలి. కాలిపర్‌లో అలా కాదు. సీలు బోరు గోడలో తవ్విన గాడిలో కదలకుండా కూర్చుని ఉంటుంది, పిస్టన్ దాని మధ్య నుంచి జారుతుంది. సీలు పిస్టన్ ఉపరితలానికి గట్టిగా అదుముకుని ఉండటమే ఆయిలు కారకుండా ఆపేది. కాబట్టి పిస్టన్ మీద గుంట ఉంటే కారుతుంది, బోరు గోడ మీద చిన్న గుంట ఉన్నా ఏమీ కాదు. ఇది వివరించగానే బాబాయ్ ఒక్క క్షణం ఆగి అన్నాడు: "అయితే బోరు సంగతి వదిలెయ్. సీలుకు పీట ఆ గాడేగా? పీట ఎగుడుదిగుడుగా ఉంటే దాని మీద ఎవరు కుదురుగా కూర్చుంటారు? నీ పనంతా అక్కడే చెయ్."

ఆ గాడి గురించి కొంచెం వివరంగా రాస్తాను. సీలును కోస్తే దాని అడ్డుకోత చతురస్రంలా ఉంటుంది. పెడలు తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు వెళుతూ సీలు లోపలి అంచును తనతో లాక్కుపోతుంది. బయటి అంచు గాడిలోనే ఉండటంతో రబ్బరు ఒరుగుతుంది. ఆ ఒరగడానికి చోటుండాలనే గాడి ముందు అంచును కొంచెం ఏటవాలుగా చెక్కి ఉంటారు. పెడలు వదలగానే రబ్బరు తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. ఆ లాగే దూరం మిల్లీమీటరులో పదో వంతుల లెక్కలో ఉంటుంది. ప్యాడు డిస్కును విడిచిపెట్టడానికి అది చాలు. డిస్కు బ్రేకులో పిస్టన్‌ను వెనక్కి తెచ్చే స్ప్రింగు వేరే ఏదీ లేదు, ఆ రబ్బరు ముక్కే స్ప్రింగు. ప్యాడు అరిగినప్పుడు మాత్రం పిస్టన్ సీలులో జారి ముందుకు వచ్చి కొత్త చోట నిలుస్తుంది, అందుకే డిస్కు బ్రేకును సరిచేసే పని మనకు పడదు. ఇప్పుడు ఆ గాడి అడుగున తుప్పు పేరుకుందనుకుందాం. అది సీలును పిస్టన్ మీదికి నొక్కుతుంది, ఒరగడానికి ఉన్న చోటును పూడ్చేస్తుంది. పిస్టన్ వెనక్కి రాదు. ప్యాడు డిస్కును రాసుకుంటూనే ఉంటుంది, వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది, ఒకరోజు చక్రం పట్టేస్తుంది. అప్పుడు అందరూ పిస్టన్ పట్టేసింది అంటారు, అసలు పట్టింది గాడి.

కొత్త పిస్టన్ ఒకటి, నాలుగు కాలిపర్లకూ సీలు కిట్లు, కొత్త బ్లీడర్లు, రాగి వాషర్లు ఆర్డరు పెట్టాను.

మూడో వారం, సాయంత్రాలు

బ్రాకెట్ల తుప్పును విద్యుత్తుతో వదలగొట్టాను. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, వాషింగ్ సోడా, పాత బ్యాటరీ చార్జరు, ఎదురు ధ్రువంగా మామూలు ఇనుప రేకు ఉంటే చాలు. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వాడకూడదు, దాని నుంచి విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీళ్లలోకి దిగుతాయి. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి గ్యారేజీ తలుపు తెరిచి, తొట్టిని గుమ్మం బయట పెట్టాను. కాలిపర్ బాడీలను మాత్రం తుప్పును కరిగించే ద్రావణంలో ఒక రాత్రంతా నానబెట్టాను. అది మంచి ఇనుమును ముట్టుకోదు. ఉదయానికి అవి నల్లగా, పొడిగా బయటికి వచ్చాయి.

కదలని బ్లీడర్‌కు రెండు సాయంత్రాలు పట్టింది. కాలిపర్‌ను ముందు సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాను. ఇది తప్పకుండా చేయాలి, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరు చల్లిన లోహాన్ని వేడి చేస్తే ఫాస్జీన్ అనే ప్రాణాంతకమైన వాయువు పుట్టవచ్చు. తర్వాత ప్రొపేన్ మంటతో బ్లీడర్ చుట్టూ వేడి చేసి, మైనపు కొవ్వొత్తిని మర మీద ఆనించాను. కరిగిన మైనం సందుల్లోకి పాకుతుంది. ఈ ఉపాయం కూడా పనిచేయలేదు, బ్లీడర్ తలతో సహా విరిగి చేతికొచ్చింది. ఇక డ్రిల్లింగ్ తప్పలేదు. బ్లీడర్ అడుగున శంకువు ఆకారపు మొన ఉంటుంది, అది కాలిపర్‌లోని పీటకు నొక్కుకుని ఆయిలును ఆపుతుంది. డ్రిల్లు ఆ పీటను తాకితే కాలిపర్ చెత్తబుట్టకే. అందుకని కొత్త బ్లీడర్ పొడవు కొలిచి, అంతకంటే 4 మి.మీ. తక్కువ దగ్గర డ్రిల్ బిట్టుకు టేపు చుట్టి, ఉన్న రంధ్రం వెంబడే నెమ్మదిగా వెడల్పు చేస్తూ వచ్చాను. ఎక్స్‌ట్రాక్టరు పట్టుకుని తిప్పితే మిగిలిన ముక్క కదిలింది. మరలు పాడవలేదు. పీటను అద్దంతో చూశాను, గీత లేదు.

రంగు గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. వేడి తట్టుకునే నల్ల రంగు రెండు పూతలు వేశాను. బోరు, గాడి, మరలు, రాగి వాషరు కూర్చునే ముఖం, ప్యాడ్లు జారే చోట్లు టేపుతో మూసేశాను.

ఆ ప్యాడ్లు జారే చోట్లు మాత్రం ముఖ్యం. బ్రాకెట్ మీద స్టీలు క్లిప్పుల కింద తుప్పు ఉబ్బితే క్లిప్పు పైకి లేస్తుంది, ప్యాడు బిగుసుకుంటుంది. కొత్త క్లిప్పులు వేసినా అదే జరుగుతుంది. ఆకురాయితో తళతళలాడే ఇనుము వచ్చేవరకూ రాసి, కొత్త ప్యాడు వేళ్లతో నెడితే జారేలా చేశాను.

నాలుగో శనివారం

అన్నీ బిగించాను. సీళ్లు ఈపీడీఎం రబ్బరు. పెట్రోలు, డీజిలు, ఇంజన్ ఆయిలు, మామూలు గ్రీజు ఏది తగిలినా అవి ఉబ్బిపోతాయి. వాటికి బ్రేకు ఆయిలు గానీ ఎర్రని రబ్బరు గ్రీజు గానీ మాత్రమే పూయాలి. గ్యారేజీ బల్ల తుడిచి, కొత్త చేతి తొడుగులు వేసుకున్నాకే సీళ్ల పొట్లం విప్పాను. సీలును గాడిలో పెట్టి, మెలి పడలేదని వేలితో చుట్టూ తడిమి చూసుకుని, పిస్టన్‌ను నిటారుగా పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కాను. సరిగా ఉంటే కాస్త పట్టుగా, కానీ ఆగకుండా లోపలికి దిగుతుంది. సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే. కాలిపర్ జారే పిన్నులకు సిలికాన్ గ్రీజు పల్చగా రాశాను. మరీ ఎక్కువ పెడితే లోపల గాలి ఇరుక్కుని పిన్నును బయటికి నెడుతుంది.

కారు మీద ఒకే ఒక్క చిక్కు వచ్చింది. పాత కారుకు డిస్కు వెనక ఉన్న రేకు కవచం చిన్న డిస్కు కొలతకు చేసినది, కొత్త డిస్కు అంచు దానికి తగిలింది. కత్తిరించకుండా, శ్రావణంతో అంచును వెనక్కి వంచాను. ప్యాడ్ల ఆకారం కూడా 1.6కూ 1.8కూ వేరు, కాబట్టి ప్యాడ్లను 1994–97 మోడల్ పేరు మీదే కొనాలి. బ్రాకెట్, గొట్టం బోల్టులన్నీ వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పిన టార్కుకు బిగించాను. రాగి వాషర్లు కొత్తవి వేశాను. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, రెండోసారి సరిగా అణగదు.

డాట్ 4 రకం బ్రేకు ఆయిలు పోశాను. కొత్తదానికి మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలని ప్రమాణం, తేమ పీల్చుకున్నాక 155. డాట్ 3కి ఇవే 205, 140. మౌంట్ వాషింగ్టన్ మీద నా పెడలు కిందికి పోవడానికి కారణం బహుశా ఇదే అయివుంటుంది: పాత ఆయిలులో చేరిన నీరు ఆవిరై బుడగలు కట్టింది, ద్రవం నొక్కుకోదు గానీ ఆవిరి నొక్కుకుంటుంది. ఆ కారు కొన్నప్పటి నుంచి నేను ఆయిలు మార్చలేదు. పెద్ద డిస్కులు వేసినా పాత ఆయిలే ఉంచితే సగం పని చేసినట్టే.

గాలి తీయడానికి మా అమ్మాయి మళ్లీ సీట్లో కూర్చుంది. పెడలు తొక్కితే ఆయిలుకు ఒత్తిడి ఇచ్చే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న కుడి వెనక నుంచి మొదలుపెట్టి, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు అనే వరసలో చేశాం. పెడలు కింద చెక్క ముక్క ఒకటి పెట్టాను. పాత మాస్టర్ సిలిండర్‌లో రోజూ పిస్టన్ తిరగని లోపలి భాగాన చిలుము పట్టి ఉంటుంది, పెడలును అడుగుదాకా తొక్కితే సీళ్లు దానికి ఒరుసుకుని చిరుగుతాయి.

"తొక్కి పట్టు తల్లీ."

"పట్టాను నాన్నా. ఆ, కిందికి పోతోంది."

"వదలకు. బిగించాను, ఇప్పుడు వదులు."

ఇలా నలభై సార్లయినా జరిగి ఉంటుంది. చివరి చక్రం దగ్గర తనే అంది: "నాన్నా, ఇప్పుడు రాయిలా ఉంది." వెనక హ్యాండ్‌బ్రేకు సర్దుబాటుకు ఆలెన్ స్క్రూను గడియారం తిరిగే వైపు ప్యాడు డిస్కును పట్టేవరకూ తిప్పి, మూడో వంతు చుట్టు వెనక్కి వదిలాను. చక్రాల నట్లు 90 న్యూటన్ మీటర్లకు పైన, మాన్యువల్ చెప్పిన హద్దులోనే బిగించాను.

ఆదివారం తెల్లవారుజామున

ఇంజను ఆన్ చేసి, ఇంటి ముందే పెడలును గట్టిగా నిమిషం పాటు నొక్కి పట్టాను. దిగలేదు. ఎక్కడా తడి లేదు. నడక వేగంలో పదిసార్లు ఆపాక రోడ్డెక్కాను. ఎవరూ లేని రోడ్డు మీద 60 మైళ్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది సార్లు తగ్గించాను. ప్యాడు పదార్థం డిస్కు మీద పల్చగా, సమంగా అంటుకోవాలంటే ఇలా చేయాలి. వేడి మీద కారును ఆపి పెడలు పట్టుకుని ఉంటే ప్యాడు ముద్ర ఒకేచోట పడి, తర్వాత స్టీరింగు వణుకుతుంది. చల్లారనిచ్చి, ఇరవై నిమిషాలు మామూలుగా నడిపి వచ్చి డిస్కుల వేడి కొలిచాను. కుడి ముందు 64 డిగ్రీలు, వెనకవి 52, 54. ఎడమ ముందు 97.

అంటే ఎడమ ముందు ప్యాడు డిస్కును విడవడం లేదు. చక్రం ఎత్తి చేత్తో తిప్పాను. తిరిగింది, కానీ ఇసుకలో తిరిగినట్టు. గొట్టం లోపల వాచి ఆయిలును వెనక్కి రానివ్వడం లేదేమోనని బ్లీడర్ విప్పి చూశాను. ఒత్తిడి ఏమీ లేదు, చక్రం అలాగే ఉంది. పిన్నులు జారుతున్నాయి. మిగిలింది గాడి ఒక్కటే.

ఐదో శనివారం

ఎడమ ముందు కాలిపర్ మళ్లీ బల్ల మీదికి వచ్చింది. పిస్టన్ తీసి, సీలు తీసి, టార్చి, భూతద్దం పెట్టుకుని గాడిని అంగుళం అంగుళం చూశాను. కింది భాగంలో, గాడి బయటి మూలలో, గోరులో సగం పొడవున గట్టి పొర ఒకటి కనిపించింది. ద్రావణంలో నానిన ఇనుమంతా నల్లబడింది, ఆ పొర కూడా నల్లబడింది. రెండూ ఒకే రంగులో ఉండటంతో మొదటిసారి నా కన్ను దాన్ని ఇనుమే అనుకుంది. నేను చూశానే గానీ తడమలేదు. బూటు చిరిగి, పిస్టన్ గుంటలు పడ్డ కాలిపర్ ఇదే కాబట్టి అన్నిటికంటే ఎక్కువ అనుమానించాల్సింది దీన్నే.

పళ్ల డాక్టర్లు వాడేలాంటి సన్నని కొక్కెంతో ఆ మూల గీకాను. మొదట ఏమీ కాలేదు. కొక్కెం మొనను పొర అంచు కిందికి దూర్చి మెల్లగా మెలిపెడితే, నల్లని పెంకు ఒకటి టక్కున లేచి బల్ల మీద పడింది. దాన్ని తెల్లకాగితం మీద పెట్టి వెర్నియరుతో కొలిచాను, మందం 0.3 మి.మీ. సీలు పిస్టన్‌ను వెనక్కి లాగే దూరం ఎంతో ఈ పెంకు మందం కూడా ఇంచుమించు అంతే. ఆ తర్వాత గాడి మొత్తం కొక్కెం మొనతో ఒకటికి మూడు చుట్లు తిప్పాను. చేతికి గరగర తగిలిన చోటల్లా ఆగి, నున్నగా జారేవరకూ గీకాను. ఏటవాలు అంచును ప్రత్యేకంగా చూశాను. ఆల్కహాలుతో తుడిచి, ఆరాక మళ్లీ తడిమాను. ఒకసారి అమర్చిన సీలును తిరిగి వాడటం ఇష్టం లేక మరో కిట్టు తెప్పించి పెట్టుకున్నాను, అది వేశాను.

ఈసారి పిస్టన్ లోపలికి దిగిన తీరే వేరు. మొదటిసారి సగం దిగాక కొంచెం బిగుతు అనిపించింది. కొత్త సీలు కదా, అలాగే ఉంటుందిలే అనుకుని వదిలేశాను. ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే పట్టుతో దిగింది.

బిగించి, ఆ ఒక్క చక్రానికీ గాలి తీసి, అదే రోడ్డు మీద అదే ఇరవై నిమిషాలు నడిపి వచ్చాను. కుడి ముందు 63, ఎడమ ముందు 66, వెనకవి రెండూ 53. చక్రం ఎత్తి చేత్తో ఒక్క తిప్పు తిప్పితే రెండు చుట్లు తిరిగి ఆగింది.

బాబాయ్‌కి ఆ పెంకు ఫోటో పంపాను. కాసేపటికి ఫోను చేశాడు. "మిగతా మూడూ తడిమావా?" అన్నదే మొదటి మాట. వాటి వేడి సమానంగానే ఉందని చెప్పాను. ఆయన తృప్తి పడలేదు. "వేడి ఇవాళ సమానంగా ఉందిరా" అన్నాడు.

అందుకని వచ్చే శనివారం కుడి ముందు కాలిపర్ విప్పుతున్నాను. ఆ తర్వాత వెనకవి. ఇంకో మూడు సీలు కిట్లు, రాగి వాషర్లు, ఒక లీటరు ఆయిలు ఆర్డరు పెట్టాను. ఆటో రోడ్డు మే నెలలో గానీ తెరుచుకోదు, వ్యవధి ఉంది.